ఉప్పు తినని చేపలు

స్వాతి కార్తె, మూడో రోజు

ఈ పొద్దు ఏడు చేపలు. ఏడింటికీ ఎర్రదీపమే వెలిగింది.

చిట్టాలో ముందు గాలీ నీరూ రాయాలని నీటి మండలి నియమం. సరే. గాలి ఈశాన్యం. నీరు నిలకడ. గూడబాతులు దిగాయి. నా మనసు బాగాలేదు. ఆఖరుది వాళ్ళు అడగలేదు గాని, తెడ్డు వేసేది నేను కాబట్టి రాశాను.

ఈ చిట్టా ఎప్పుడైనా కొత్తవాళ్ళ చేతికి పోతే వాళ్ళకోసం నాలుగు ముక్కలు. నా పేరు నాంచారి, వయసు నలభై ఎనిమిది, తాళ్ళతో కట్టిన తెప్పల మీద తేలే తెప్పలంకకు చేపల చదువరిని. రోజూ ఉదయం కయాకు వేసుకుని రేవు పక్క జమ్ములోకి పోతాను. కయాకు అన్నది మండలివాళ్ళ పలుకు, మాకది దోనే. పాత గాలిమర రెక్కను పొడుగునా కోసి చేసింది. ఒక మనిషి దర్జాగా, ఇద్దరైతే మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. ఈకతో కట్టిన పురుగును గాలానికి తగిలించి బంగారుతీగ చేపను పడతాను. పట్టి, దాని మొప్ప దగ్గర గవ్వ పెడతాను. గవ్వంటే ఆ ఆకారంలో ఉండే చిన్న యంత్రం. చేప పిల్లగా ఉన్నప్పుడే మండలివాళ్ళు దాని చర్మం కింద ఒక గింజ పెడతారు. ఆ చేప ఒంట్లో ఎంత ఉప్పు చేరిందో, ఇంతకుముందు దాన్ని ఎన్నిసార్లు చదివారో గింజ గవ్వకు చెబుతుంది. వెయ్యికి రెండు పాళ్ళలోపైతే పచ్చదీపం, దాటితే ఎర్రదీపం. చదివాక చేపను వదిలేస్తాను.

నీళ్ళలోనే మీటరు పెట్టొచ్చుగా అని వచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతాడు. పెట్టారు. మూడోనాటికి నాచు కట్టి నోటికొచ్చింది చెప్పాయి. ఉప్పునీరు బరువు. సముద్రం నుంచి అడుగునే పాకుతూ వస్తుంది, పైన తాగి చూస్తే తియ్యగానే ఉంటుంది. బురదలో మూతిపెట్టి బతికేది బంగారుతీగ, కాబట్టి దాన్నే అడగాలి. వానపామునో పిండినో ఎరగా వేస్తే అది తిన్నదాంతో లెక్క చెడుతుందని ఎర నిషేధం. అందుకే ఈక. చదివే ముందు చేప నోట్లోకి మన చేతి మెతుకు ఒక్కటి పోకూడదు. మా మేనత్త కాలం నుంచి ముప్ఫై ఆరేళ్ళలో ఈ నియమం మేము ఒక్కసారీ తప్పలేదు.

ఎరుపు రావడం ఇది రెండో విడత. మూడో విడతా ఎరుపైతే సముద్రం మా కిందికి వచ్చేసిందని లెక్క. అప్పుడు లంక తాళ్ళు విప్పి, లాగుడు పడవలతో మెరకకు తోలుకుపోతారు. అక్కడి మేడల్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఒక్కో ఇంటివాళ్ళను సర్దుతారు. మావి అరవై రెండు ఇళ్ళు. అరవై రెండు దిక్కులకు పోతాం.

స్వాతి కార్తె, ఆరో రోజు

మూడో విడత కూడా అయింది. తొమ్మిది చేపలు, తొమ్మిదీ ఎరుపు.

మొట్టమొదట పడ్డవాడు మునసబు. పదకొండు కిలోల బంగారుతీగ. వేలాడే మీసాలూ బానపొట్టా చూసి ఆ పేరు నేనే పెట్టాను. వాడికి నా ఈకపురుగంటే ఇప్పుడు భయం లేదు, బహుశా గౌరవం కూడా లేదు. వచ్చి, పీల్చి, నేను గాలం బిగించేదాకా ఓపిగ్గా ఆగుతాడు. మిగతా చేపలన్నీ అంతే. పోయినేడు ఒక్క చేప పడాలంటే సగం రోజు పట్టేది, ఈ యేడు గంటలో పని అయిపోతోంది. నా చెయ్యి తిరిగిందనుకుని మురిసిపోయాను.

వాణ్ణి వదిలేటప్పుడు మామూలుగానే ఉప్పు కలిపిన తవుడు ముద్ద వాడి ముందు వేశాను. ఈ ఆచారం మా మేనత్త తిరపతమ్మ పెట్టింది. నాకు ముందు ముప్ఫై ఏళ్ళు ఆవిడే చదువరి. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు కదా, మన ఉప్పు తిన్న చేప మనకు అబద్ధం చెప్పదని ఆవిడ నమ్మకం. పెదవికి గాలం గుచ్చినందుకు బతిమాలుకోవడం కూడాననుకోండి.

మండలి నుంచి సువర్చల గారు రేడియోలో మాట్లాడారు. మా వైపు నీళ్ళన్నిటికీ ఆవిడే అధికారి. ముప్ఫై దాటని మనిషి, ఎవరితోనూ గొంతు పెంచదు.

"నాంచారి గారూ, నా చేతుల్లో ఏమీ లేదండి. అనూరాధ కార్తె మొదటి రోజుకు లాగుడు పడవలు రాసేశాను."

"వానలు పోయి నెల కాలేదు మేడం. ఏటినీళ్ళు నిండుగా వచ్చి అడుగంతా కడిగిపోయినాయి. ఇప్పుడు ఉప్పెక్కడిదండీ?"

"నాకూ అదే అర్థం కావట్లేదు. కానీ చేపలు చెబుతున్నాయి కదండి."

చేపలు చెబుతున్నాయంటే ఇక నేనేం మాట్లాడను. ఆ మాట నమ్మించడానికే మా అత్త జీవితమంతా తెడ్డు వేసింది.

స్వాతి కార్తె, పన్నెండో రోజు

ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. లంకలో అందరూ నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు. ఉప్పు నేనే తెచ్చినట్టు. కోపంగా దోనె ఎక్కి ఎప్పుడూ పోని వైపు పోయాను. కిక్కిస గడ్డి అవతల, వెనకటి చేపలచెరువుల గట్లు మునిగిపోయిన చోటు. నీళ్ళు మోకాలి లోతు, కింద నడుములోతు బురద.

అక్కడ ఒక తోక కనిపించింది. మూతి బురదలో, తోక గాల్లో. పని చేసుకుంటున్న చేప. నా ఉనికి దానికింకా తెలియదు. తెడ్డు దించేసి ఊపిరి బిగబట్టి ఈకను విసిరాను. దారం నీళ్ళమీద పడ్డ చప్పుడుకే మాయమైంది. ఇంకోటి. అదీ మాయం. మూడోది ఈకను పీల్చింది, నేను బిగించేలోపే ఉమ్మేసింది. నాకు చాలా రోజులకు చేపలు పట్టడం గుర్తొచ్చింది. సిగ్గుపడ్డాను, సంతోషంగానూ ఉంది.

అయిదోది పడింది. దోనెను ముక్కు పట్టుకుని లాగినట్టు జమ్ములోకి లాక్కుపోయింది. నా టోపీ పోయింది. చివరికి చేతికి వచ్చాక గవ్వ పెట్టాను.

ఇంతకుముందు చదివిన సార్లు: సున్నా. ఉప్పు: అర పాలు. పచ్చదీపం.

గవ్వ చెడిందనుకుని తుడిచాను, ఊదాను, రెండు తిట్లు తిట్టి మళ్ళీ పెట్టాను. అర పాలే.

ఇంటికి వచ్చి చిట్టా వెనక్కి తిప్పాను. రెండు నెలల్లో నూట నలభై సార్లు చదివాను. గింజల నంబర్లు వరసగా రాసుకుంటూ పోతే ఉన్న చేపలు ముప్ఫై ఒకటే. మునసబు ఒక్కడే పందొమ్మిదిసార్లు. ఊరందరి ఆరోగ్యం చూస్తున్నానని చెప్పుకుంటూ ఒక్క ఇంటివాళ్ళ నాడే పట్టుకుంటూ వచ్చాను. ఆ ముప్ఫై ఒక్కటీ మన రేవు చుట్టూనే ఎందుకు తిరుగుతున్నాయో మాత్రం తెలియలేదు.

స్వాతి కార్తె, పదమూడో రోజు

తెలిసింది.

పొద్దున్నే రేవు మెట్ల చాటున దోనెలో కూర్చున్నాను. లంక పెద్ద వీర్లంకయ్య బేసిన్ పట్టుకుని దిగాడు. నీళ్ళలోకి ఒక ముద్ద వేసి దండం పెట్టాడు. మునసబు నోరు తెరుచుకుని పైకి వచ్చాడు, వాడి వెనక బలగమంతా.

"ఏంది బాబాయ్ అది?"

"ఉప్పుముద్దేనే. నిరుడు ఎండాకాలం పక్క లంకలన్నీ లేచిపోయినా మనకి పచ్చదీపం పడింది గందా. ఆ సేపలు పెట్టిన బిచ్చమే ఇది. ఆటి రుణం ఉంచుకోకూడదని ఇంటికో ముద్ద ఏత్తన్నాం."

"అన్ని ఇళ్ళా? రోజూనా?"

"రోజూ. ఎరుపు రాటం మొదలయ్యాక ఇంకొంచెం ఉప్పు దట్టించాం. ఇశ్వాసం తగ్గిందేమోనని."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సముద్రం ఎక్కడా రాలేదు. అరవై రెండు ఇళ్ళ వంటగదుల్లోంచి ఉప్పు వచ్చింది. చదివే ముందు చేపకు మెతుకు పెట్టకూడదని ప్రాణంలా చూసుకున్నాం, చదివిన తరువాత పెట్టేదాని గురించి ఎవరికీ తట్టలేదు. తట్టాల్సింది నాకు. చదువరిని నేను.

విషయం చెబితే బాబాయ్ బేసిన్ మెట్టు మీద బోర్లించేశాడు.

"అయితే మనల్ని మనమే లేపుకుంటన్నామా?" అన్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

అత్తకు చెప్పకుండా మండలికి చెప్పడం న్యాయం కాదు. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు. దోనె ఎక్కి ఆరేళ్ళయింది గాని, నా ఈకపురుగులు ఇప్పటికీ ఆవిడే కడుతుంది, నీటికోడి ఈకతో, కుక్కవెంట్రుకతో. చెబుతున్నంతసేపూ దారం చుడుతూనే ఉంది.

"నేను ఏసింది సిటికెడే," అంది.

"చిటికెడైతే ఏమీ కాలేదు అత్తా. ఊరంతా పిడికిళ్ళు వేసింది."

"నేర్పింది నేనేగా."

కాదంటే అబద్ధమవుతుంది.

"మరి ముప్పయ్యేళ్ళూ ఆ సేపలు నా ఉప్పు తిని నిజం సెప్పినాయా, తినకపోయినా సెప్పేయా?"

"నాకు తెలీదత్తా."

కడుతున్న పురుగు పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. ఆవిడ మనసు కష్టపెట్టడం నాకు ఈ జన్మలో ఇదే మొదటిసారి. ఎర్రదీపం కంటే ఇదే ఎక్కువ బాధపెట్టింది.

విశాఖ కార్తె, మొదటి రోజు

సువర్చల గారికి అంతా చెప్పాను. తప్పు నాదని, చదువరిగా ముందే చూడాల్సిందని కూడా చెప్పాను. ఈ పని నాకు ఉంచుతారో లేదో తెలియదు.

"మీ మాట నేను నమ్ముతున్నానండి. కానీ నా సంతకానికి మాట చాలదు. ఎప్పుడూ ఎవరూ చదవని చేపలు ఇరవై కావాలి. సున్నా ఉన్నవే. ఇరవైకి ఇరవై పచ్చదీపం వస్తే పడవలు ఆపుతాను. పందొమ్మిదైతే ఆపలేను."

"ఎప్పటికి మేడం?"

"విశాఖ ఆఖరి రోజుకు. నేనే వస్తాను."

మొన్న పట్టినదాన్ని కలిపితే ఒకటి ఉంది. ఇంకా పందొమ్మిది కావాలి, పదమూడు రోజుల్లో.

లంకలో ఉప్పుముద్దలు ఆపేశారు. మునసబు బలగం రేవు దగ్గర నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంది. వీర్లంకయ్య బాబాయ్ అటు చూడలేక దొడ్డిదారిన దిగుతున్నాడు.

విశాఖ కార్తె, నాలుగో రోజు

మొత్తం మూడు. నాలుగు రోజులకు రెండు చేపలు పట్టాను. భుజం ఎత్తలేకపోతున్నాను.

మిగతా చేపలు దగ్గరికి వస్తాయి, ఈకను చూస్తాయి, మూతి ముందుకు పెడతాయి, ఉమ్మేస్తాయి. నన్ను చూసి నవ్వుతున్నట్టుంది. ఈ యేడు నా చేతివాటమంతా పెంపుడు చేపల మీద సంపాదించింది. దొడ్లో దూడను పట్టి అడవిలో పులిని పట్టానని చెప్పుకున్నట్టు ఉంది నా సంగతి.

రెండు ఇళ్ళవాళ్ళు సామాన్లు కట్టుకుంటున్నారు. నాకు కనపడకుండా కడుతున్నారు, అది మరీ కష్టంగా ఉంది.

విశాఖ కార్తె, అయిదో రోజు

పొద్దున దోనె దగ్గరికి పోయేసరికి ముందువైపు అత్త కూర్చుని ఉంది. తడిపిన గోనెపట్టా ఒకటి దోనె అడుగున పరిచింది.

"ఆరేళ్ళయిందత్తా నువ్వు ఎక్కి. పడితే?"

"పడితే నీళ్ళలోనే గందా పడేది. తోలు."

అయిదు రోజులుగా మాట్లాడని మనిషి మాట్లాడిందని నాకు ఏడుపొచ్చింది. తెడ్డు వేశాను. గట్ల దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపమంది.

"ఇంక తెడ్డెయ్యమాక. గాలి తోలుద్ది. కాలు కదిపినా చప్పుడు రాకుండా ఆ గోనె."

"సరే."

"నీ చెయ్యిటియ్యి." వాసన చూసింది. "ఉప్పు. నీ చేతికీ, ఈకకీ, దారానికీ. ఆరేళ్ళ నుంచి ఉప్పుతవుడు పిసికిన చెయ్యి. రేవు సేపకి అది అన్నం వాసన. ఈటికి తెలీని వాసన, ఉమ్మెయ్యక ఏం జేత్తాయి?"

నా రెండు చేతులూ బురదలో ముంచి మోచేతుల దాకా పట్టించింది. ఈకపురుగును కూడా బురదలో నానబెట్టింది. దారాన్ని జమ్మాకుతో తుడిచింది. తరువాత నీళ్ళవంక చూస్తూ కూర్చుంది.

"అయ్యిగో బుడగలు. ఒక్కొక్కటే పెద్దగా వత్తే అది బురద గాలి. సన్నంగా, గుప్పెడు వొక్కసారిగా వత్తే సేప. బుడగల మీద ఎయ్యమాక. అది నడిసే దారిలో, మూరెడు ముందు ఏసి ఊరుకో."

"ఎప్పుడు బిగించాలి?"

"దారం కదిలితే కాదు. సేప ఆగితే బిగించు."

చేప ఆగడం చూడాలట. నీళ్ళకింద నీడ పోతూ పోతూ ఒక్క క్షణం ఆగింది. బిగించాను. పడింది. సున్నా, అర పాలు, పచ్చ.

సాయంత్రానికి మొత్తం అయిదు. ముప్ఫై ఏళ్ళ విద్య నాకు నేర్పకుండా ఎందుకు దాచావని అడిగాను.

"దాసలేదే. నీకు సులువుగా పడతంటే నేర్చుకునే అవసరం రాలేదు," అంది.

వదిలేటప్పుడు నా చెయ్యి అలవాటుగా ముద్దకోసం డబ్బావైపు పోయింది. డబ్బా లేదు. అత్త ఇంటి దగ్గరే వదిలేసి వచ్చింది. ఆవిడ ఆ చేప వంక చూసి ఏదో చెప్పబోయి మానుకుంది.

విశాఖ కార్తె, తొమ్మిదో రోజు

పన్నెండు. అన్నీ పచ్చే. గాలి తిరిగింది, నీళ్ళు చల్లబడ్డాయి, చేపలు అడుగుకు పోతున్నాయి. ఆరోరోజు ఒక్కటి కూడా పడలేదు.

అత్తకు నడుం పట్టేసింది. వద్దన్నా వస్తోంది. మధ్యాహ్నం దోనెలోనే ఇద్దరం పులిహోర తిన్నాం. వీర్లంకయ్య బాబాయ్ భార్య కట్టి ఇచ్చింది. తిన్నాక అత్త చేతులు నాలుగుసార్లు బురదతో కడుక్కుంది, నా చేతులూ కడిగించింది. తడిగడ్డి మీద పడుకున్న గూడబాతులు మమ్మల్ని పట్టించుకోవడం మానేశాయి.

"మేడకి తోలుకుపోతే నీకు ఏం పని ఇత్తారంట?" అని అడిగింది.

"తెలీదు అత్తా. నీకు మాత్రం లిఫ్టు ఎక్కడం నేర్పుతారంట."

"నన్ను ఆ డబ్బాలో ఎక్కిత్తే మళ్ళీ దిగను, సెప్తన్నా."

నవ్వుకున్నాం. నవ్వాక ఇద్దరికీ భయమేసింది. లంక పోతే ఆవిడ బతకదని నాకు తెలుసు. నాకు తెలుసునని ఆవిడకూ తెలుసు.

విశాఖ కార్తె, పదమూడో రోజు

నిన్నటికి పందొమ్మిది.

సువర్చల గారు పొద్దున్నే వచ్చారు. తన కయాకుకు తనే తెడ్డు వేసుకుంటూ వచ్చారు, రెండుసార్లు జమ్ములోకి దూరిపోయి వీర్లంకయ్య బాబాయ్ గెడతో లాగాల్సి వచ్చింది. దూరంగా, పెద్ద ఏటి మొగదగ్గర, నాలుగు లాగుడు పడవలు ఆగి ఉన్నాయి. ఆవిడ వాటివంక చూడలేదు. మేము చూశాం.

"నా పక్కన చప్పుడు చెయ్యకూడదమ్మా," అంది అత్త. అధికారి అని చూడకుండా ఆవిడ చేతులకు కూడా బురద పూసింది. ఆ పిల్ల నోరెత్తకుండా పూయించుకుంది.

మునిగిన గట్ల దగ్గర పొద్దెక్కేదాకా బుడగ లేదు. రెండుసార్లు ఈక వేశాను, రెండుసార్లూ తాబేలే. పదకొండు గంటలయింది. నాకు ఆకలి లేదు, చలి లేదు, వట్టి భయం. ఆ ఇరవయ్యో చేప దొరక్కపోతే అరవై రెండు ఇళ్ళు. దొరికి ఎరుపైతే కూడా అరవై రెండు ఇళ్ళు.

మునిగిన గట్టు మూలన సన్నగా గుప్పెడు బుడగలు లేచాయి.

నేను గాలం కర్ర ఎత్తాను. ఎత్తి దించేశాను. "నువ్వెయ్యి అత్తా. నా చెయ్యి నిలవట్లేదు."

"నా కళ్ళు నిలవట్లేదే."

"నేను చూస్తాను. నువ్వెయ్యి."

కర్ర అందుకుంది. ఆరేళ్ళు పట్టుకోని చెయ్యి, అయినా దారం చప్పుడు లేకుండా పడింది, మూరెడు ముందు. నేను నీడను చూస్తూ కూర్చున్నాను. వస్తోంది. వస్తోంది. పక్కకు తిరిగింది. మళ్ళీ వస్తోంది. ఆగింది.

"ఇప్పుడు," అన్నాను.

బిగించింది. దోనె సగం తిరిగింది. సువర్చల గారు పక్కన తన కయాకులోంచే మా దోనె అంచు పట్టుకుని ఆపారు, నడుం దాకా తడిసిపోయారు. పావుగంట పట్టింది. చివరికి నేను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. పెద్దదేమీ కాదు, నాలుగు కిలోలుంటుంది. పొలుసులు పాత ఇత్తడి రంగు. గవ్వ నేను పెట్టలేదు. సువర్చల గారు పెట్టారు.

చదివిన సార్లు: సున్నా. ఉప్పు: అర పాలుకంటే తక్కువ. పచ్చదీపం.

ఎవరూ అరవలేదు. సువర్చల గారు రేడియో తీసి రెండే ముక్కలు చెప్పారు. కాసేపటికి ఏటి మొగదగ్గర పడవలు ఒకదాని వెనక ఒకటి ముక్కు తిప్పుకున్నాయి. నా చదువరి పని నాకే ఉంచుతున్నామని, రేవు చేపల లెక్క ఇక పనికిరాదని, ఈ వైపు నీళ్ళలో కొత్తవాళ్ళకు పని నేర్పడానికి అత్తను అడగమని మండలి చెప్పిందని ఆవిడ నాతో అన్నారు. సగం వినిపించింది. నేను ఏడుస్తున్నాను.

అత్త ఇవేవీ వినలేదు. చేపను నా చేతుల్లోంచి తీసుకుని నీళ్ళలో ఉంచి, ఊపిరి అందేదాకా కింద చెయ్యి ఆనించి పట్టుకుంది. మొప్పలు ఆడాయి. తోక ఒకసారి కదిలింది.

"మా ఉప్పు ఒక్క రాయి తిన్లేదు నువ్వు," అంది దానితో. "అయినా నిజమే సెప్పావు తల్లీ."

చెయ్యి తీసేసింది.